తప్పు దిద్దుకొనుటయే విద్య
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో గావించిన ప్రసంగ పాఠము)



ఈ తరగతిలో నిధులను గూర్చియు, ప్రణాళికలను గూర్చియు, గ్రామసభ నిర్వహణను గూర్చియు మీకు పలువురు చెప్పియున్నారు. నాకు ఒప్పగింపబడిన విషయము వానితో పోల్చిన చిన్నదిగా తోచవచ్చును. పంచాయతీ కార్యాలయములలో కంప్యూటరు నేర్చుకొనుచున్నవారు చేయు తప్పులను గూర్చి మాటలాడదలచినాను. ఏ తప్పులను జరుగకుండ కాపాడవలయునో, ఏ తప్పులను చేయనీయవలయునో, చేసిన పిదప ఎట్లు దిద్దుకొననీయవలయునో మనవి చేయుదును. “తప్పులు చేయనిచ్చుట యేమి?” అని మీలో కొందరికి సందేహము కలుగుట సహజము. కొంచెము ఓపికతో వినవలసినదిగా ప్రార్థన.

మన భాషలో ఒక విశేషము గలదు. బాలుడు పలకపై అక్షరములు నేర్చుకొనుటను మనము ‘దిద్దుట’ అందుము. తప్పును సరిచేయుటను గూడ ‘దిద్దుట’ యనియే అందుము. రెండు పనులకును ఒకే మాట చాలినది. వెనుకటి వీధిబడులలో ఇసుక పరచి, దానిపై వ్రేలితో ఓనమాలు దిద్దించెడివారు. అక్షరము వంకర పోయినచో అరచేతితో ఇసుక చదును చేసి మరల వ్రాయవచ్చును. నష్టమేమియు లేదు. ఆ బాలుని చేతికి మొదటినాడే తాటియాకును, గంటమును ఇచ్చినచో ఆకు చెడును, చేయి వణకును, చదువు వెనుకబడును. నడక నేర్చు శిశువు వేయు అడుగులకు మన పెద్దలు ‘తప్పటడుగులు’ అని ముద్దుగా పేరు పెట్టిరి. పడకుండ నడక నేర్చిన బిడ్డ ఏ యింటను లేదు.

కంప్యూటరు విద్యయు ఈ నియమమునకు లోబడినదే. కాని మన కార్యాలయములలో నేర్చుకొనువారికి ఇసుకను ఇచ్చుట మరచి, మొదటినాడే తాటియాకును ఇచ్చుచున్నాము. నా మనవి అంతయు ఈ ఒక్క మాటలో ఉన్నది.

భయము వలన కలుగు నష్టము

గ్రామ పరిపాలనలో కంప్యూటరు ప్రవేశించి చాల కాలమైనది. 2017లో కేంద్ర ప్రభుత్వము గ్రామీణులకు కంప్యూటరు అక్షరాస్యత కల్పించుటకై ఒక పథకమును ఆమోదించినది. ఇరువది గంటల పాఠక్రమముతో నడచిన ఆ పథకము 2024 మార్చి 31న ముగియు నాటికి దేశమందు 6 కోట్లకు మించిన జనులు శిక్షణ పొందిరి. ఆంధ్రప్రదేశములో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ప్రారంభమైనపుడు డిజిటల్ అసిస్టెంటు అను ఉద్యోగము కొత్తగా ఏర్పడినది. 2020 ఏప్రిల్ 24న పంచాయతీల ప్రణాళికలను, జమాఖర్చులను ఒక్కచోట చూపు ఈ-గ్రామస్వరాజ్ వెలసినది. ఆనాటి నుండి పంచాయతీ చెల్లింపులు క్రమముగా కంప్యూటరు మీదికి మారినవి. బిల్లు తయారు చేయువారు ఒకరు, దానిని సరిచూచి ఆమోదించువారు మరియొకరు, ఇద్దరును తమ డిజిటల్ సంతకము చేసిననే గాని సొమ్ము కదలదు.

ఈ మార్పు వచ్చిన పిదప గ్రామములందు ఒక అలవాటు పెరుగుచున్నది. యంత్రమును తాకినచో ఏదో చెడిపోవునని, తప్పు జరిగినచో తమపై పడునని భయపడి, కొందరు ప్రజాప్రతినిధులు తమ డిజిటల్ సంతకపు సాధనమును, దాని రహస్యపదమును మరియొకరి చేతిలో పెట్టుచున్నారు. కొన్నిచోట్ల అతడు కార్యాలయపు ఉద్యోగి, కొన్నిచోట్ల బయటి వ్యక్తి. చెక్కు పుస్తకములో ఖాళీ ఆకులన్నిటిపైనను సంతకము చేసి ఇతరునికి ఇచ్చుటకు మీలో ఎవ్వరును ఒప్పుకొనరు. డిజిటల్ సంతకమును అప్పగించుట దానికంటె తక్కువ పని కాదు. తరువాత ఏ చెల్లింపు జరిగినను చట్టము దృష్టిలో ఆ సంతకము మీదియే.

సగము స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడిన మన పంచాయతీలలో ఈ విషయము మరింత ముఖ్యమైనది. నలువది, ఏబది యేండ్ల వయస్సులో మొదటిసారి మౌసు పట్టుకొనిన సభ్యురాలు తెరపై ఎఱ్ఱని అక్షరములు కనబడగనే చేయి వెనుకకు తీయును. ప్రక్కనున్న కుఱ్ఱవాడు “ఇటు ఇమ్మండి, నేను చేసెదను” అనును. ఆమె పని ముగియును. ఆమె విద్యయు అక్కడనే ముగియును. చిన్న తప్పును గూర్చిన భయము పెద్ద ప్రమాదమునకు తలుపు తెరచుచున్నది. అందుచేత నేర్చుకొనువాని తప్పు కేవలము శిక్షణ తరగతికి సంబంధించిన విషయము కాదు. అది పంచాయతీ అధికారము ఎవరి చేతిలో నుండవలయునను ప్రశ్నతో ముడిపడినది.

పరిశోధకులు కనుగొన్నది

తప్పులు చేసి దిద్దుకొనుట వలన కంప్యూటరు విద్య బాగుగా పట్టువడునా అను ప్రశ్నను పరిశోధకులు ప్రత్యేకముగా పరీక్షించిరి. జర్మనీ దేశపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు మిఖాయెల్ ఫ్రేజె, ఆయన సహచరులు 1991లో ఒక పరిశోధనను ప్రకటించిరి. కంప్యూటరుపై ఉత్తరములు తయారు చేయు పనిని రెండు వర్గముల వారికి నేర్పిరి. ఒక వర్గమునకు ఏ మీట పిదప ఏ మీట నొక్కవలయునో అంతయు వరుసగా చెప్పి, తప్పు జరుగకుండ చూచిరి. రెండవ వర్గమునకు కొంత సమాచారము మాత్రమే ఇచ్చి, వారి శక్తికి మించిన పనులు చేయుమనిరి. వారు తప్పులు చేయుట ఖాయము. అయితే తప్పు జరుగుట సహజమనియు, దాని వలన నేర్చుకొనవచ్చుననియు, చిక్కు నుండి బయటపడు మార్గము తప్పక యుండుననియు వారికి ముందుగా చెప్పిరి. పిదప కఠినమైన పనులు ఇచ్చి పరీక్షించినపుడు రెండవ వర్గము వారే మెఱుగుగా చేసిరి.

ఇటువంటి పరిశోధనలు అనేకము జరిగినవి. 2008లో నీనా కైత్, ఫ్రేజె అను నిరువురు 24 పరిశోధనలను, వానిలో పాల్గొనిన 2,183 మంది ఫలితములను ఒక్కచోట చేర్చి లెక్కించిరి. తప్పులను శిక్షణలో భాగముగా చేసిన పద్ధతియే మొత్తము మీద మేలైనదని తేలినది. కాని దానిలో మీరు గమనింపదగిన అంశములు రెండు గలవు.

మొదటిది: ఆ మేలు శిక్షణ జరుగుచున్న దినములలో కనబడదు. అప్పుడు ఈ పద్ధతిలో నేర్చుకొనువాడు వెనుకబడినట్లే తోచును. శిక్షణ ముగిసిన తరువాత, అంతకుముందు ఎరుగని కొత్త పని ఎదురైనపుడే భేదము తెలియును. ఇది మన కార్యాలయములకు మిక్కిలి అనువైన మాట. ప్రభుత్వ వెబ్‌సైట్లలోని దరఖాస్తులు, గడులు, మీటలు తరచు మారుచుండును. “ఎడమప్రక్క మూడవ మీట నొక్కవలయును” అని కంఠస్థము చేసినవాడు ఆ మీట కుడిప్రక్కకు మారిన దినమున దిక్కు తోచక నిలిచిపోవును. తప్పు త్రోవలు కొన్ని తిరిగి సరియైన త్రోవ కనుగొనినవానికి ఊరి సందులన్నియు తెలిసినట్లు, యంత్రపు పోకడ తెలిసియుండును.

రెండవది: తప్పు తనంతట తాను పాఠము చెప్పదు. లెక్కల పట్టికలు తయారు చేయుట నేర్పుచు జరిపి 2003లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ధైర్యవచనములేవియు చెప్పకయే తప్పులకు వదలివేసిన వర్గమువారికి ఆ లాభము కలుగలేదు. తప్పు సహజమని ముందే విని, దానిని వెదకి దిద్దుకొనుమని ప్రోత్సాహము పొందినవారే ముందుకు వచ్చిరి. అనగా తప్పు చేసినవాడు తన మనస్సును చిక్కబట్టుకొని, “ఏమి జరిగినది? ఎక్కడ జరిగినది? వెనుకకు పోవు త్రోవ ఏది?” అని తన్ను తాను ప్రశ్నించుకొనుట అలవడవలయును. ఈ అలవాటును కల్పించునది నేర్పువాని మాట, చుట్టునున్న పెద్దల ముఖకవళిక.

దీనికి మరియొక ప్రక్క గూడ గలదు. అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థ పరిశోధకుడు జాన్ కారల్, ఆయన సహచరురాలు 1984లో మరియొక పరీక్ష ఫలితములను ప్రకటించిరి. కొత్తవారిని తీరని చిక్కులలో పడవేయు మీటలను యంత్రములో తాత్కాలికముగా బంధించి, వానిని నొక్కినచో “ఇది యిప్పుడు లభింపదు” అని మాత్రము తెలుపునట్లు చేసిరి. అట్టి యంత్రముపై నేర్చుకొనినవారు త్వరగా పని ప్రారంభించిరి. చిక్కులలో వృథాయైన కాలము తగ్గినది. నేర్చుకొనువానిని లోతు తెలియని నూతిలోనికి త్రోయరాదని దీని భావము. ఈత నేర్పువాడు బిడ్డ నడుమునకు బెండ్లు కట్టును. బెండ్లు కట్టిన పిదప నీరు మ్రింగినను, చేతులు తప్పుగా వేసినను బిడ్డకు అపాయము లేదు.

దిద్దదగిన తప్పు, దిద్దరాని తప్పు

“కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనలేము” అని మన సామెత. కంప్యూటరులో గూడ కాలు జారుట వంటి తప్పులు కొన్ని, నోరు జారుట వంటివి కొన్ని. ఈ భేదము తెలియుటయే సగము విద్య.

కాలు జారుట వంటి వానికి ఉదాహరణములు చూడుడు. వ్రాసిన పేరా చెరిగిపోయినచో కంట్రోలు మీటతో జెడ్ అక్షరమును కలిపి నొక్కిన తిరిగి వచ్చును. ఫైలును తొలగించినచో సాధారణముగా అది చెత్తబుట్టలోనికి పోవును. అక్కడ నుండి మరల తెచ్చుకొనవచ్చును. కాని పెన్‌డ్రైవు నుండి తొలగించిన ఫైలు సాధారణముగా ఆ బుట్టలో పడదు. ఒకచోట పనిచేసిన ఉపాయము మరియొకచోట పనిచేయదని ఈ చిన్న అనుభవమే నేర్పును. గంటసేపు జాబితా కొట్టి, భద్రపరచు మీట నొక్కకమునుపే కరెంటు పోయినచో ఆ గంట శ్రమయు పోవును. ఒక్కసారి ఇట్లు పోగొట్టుకొనినవానికి పది నిమిషములకొకసారి భద్రపరచుమని మరల చెప్పనక్కరలేదు.

పాత తెలుగు అక్షరరూపములతో తయారు చేసిన తీర్మానమును మరియొక కంప్యూటరులో తెరచినపుడు తెరపై అర్థములేని గీతలు కనబడును. కొత్తవాడు కాగితమంతయు పాడైనదని హడలిపోవును. ఫైలు చెడలేదు, ఆ అక్షరరూపములు ఈ యంత్రములో లేవు, అంతే. యూనికోడ్ పద్ధతిలో వ్రాసిన తెలుగు ఎక్కడ తెరచినను తెలుగుగనే కనబడునని అతడు ఆనాడు గ్రహించును.

కొన్ని తప్పులను యంత్రమే పట్టుకొనును. ఆధార్ సంఖ్యలోని 12 అంకెలలో చివరిది మిగిలిన పదునొకండు అంకెల నుండి లెక్క కట్టబడినది. నెదర్లాండ్స్ దేశపు గణితజ్ఞుడు వెర్‌హూఫ్ 1969లో ప్రకటించిన పద్ధతి యిది. ఒక అంకె తప్పు కొట్టినను, ప్రక్కప్రక్క నున్న రెండంకెలు తారుమారైనను లెక్క కుదరదు. ఆ లెక్క చూచుకొను యంత్రము సంఖ్య చెల్లదని తెలుపును. బ్యాంకు శాఖను గుర్తించు ఐ.ఎఫ్.ఎస్. కోడులో 11 అక్షరములు, అంకెలు ఉండును. అందు ఐదవది సున్న. దానిని ఆంగ్లాక్షరమైన ‘ఓ’గా భ్రమించి కొట్టినవారు ఎందరో. యంత్రము ఒప్పుకొననపుడు దానిపై కోపించుటకు బదులు, అది ఏమి చెప్పుచున్నదో చదువుట నేర్చుకొనవలయును. ఎఱ్ఱని అక్షరములు తిట్టు కావు. త్రోవ తప్పినవానికి బాటసారి చెప్పు మాట వంటివి.

ఇక నోరు జారుట వంటి తప్పులు. బ్యాంకు ఖాతా సంఖ్య ఒక అంకె మారినను అది మరియొకరి ఖాతా కావచ్చును. ఎలక్ట్రానిక్ చెల్లింపులలో ఖాతా సంఖ్యను మాత్రమే ఆధారముగా గొని సొమ్ము జమ చేయవచ్చునని రిజర్వు బ్యాంకు 2010లో తెలిపినది. కనుక కాగితముపై పేరు సరిగా నున్నంత మాత్రమున సొమ్ము సరియైనవానికి చేరునను నమ్మకము లేదు. నెఫ్ట్, ఆర్.టి.జి.ఎస్. పద్ధతులలో సొమ్ము పంపువారు పొందువాని పేరును ముందుగా చూచుకొను సదుపాయమును 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పింపవలసినదిగా ఆ బ్యాంకే పిమ్మట ఆదేశించినది. సదుపాయము వచ్చినను చూచుకొనవలసిన కన్ను మనదే. సంతకమైన చెల్లింపు, తుదిగా సమర్పించిన దరఖాస్తు, మూసివేసిన నెల లెక్క, ఇవి మనము కోరినంతనే వెనుకకు రావు. వృద్ధురాలి పింఛను ఒక అంకె వలన నిలిచిపోయినచో, దానిని సరిచేయించుటకు ఆమె ఎన్నిమార్లు ఏయే కార్యాలయముల మెట్లెక్కవలసి వచ్చునో మీకు నేను చెప్పనక్కరలేదు.

అందుచేత నియమము స్పష్టము. నోరు జారుట వంటి తప్పులను నిజమైన రికార్డులో జరుగనీయరాదు. వానిని జరుగకుండ చేయు ఉపాయము, అటువంటి తప్పులనే అభ్యాసపు రికార్డులో ముందుగా చేయించి, చూపించి, దిద్దించుటయే.

ఒక అభ్యాసము

దీనిని ఎట్లు చేయవలయునో ఒక ఉదాహరణముతో వివరింతును. పది కల్పిత నామములతో ఒక జాబితా తయారు చేయింపుడు. మొదటి వరుసలో పేరు, రెండవ వరుసలో ఖాతా సంఖ్య, మూడవ వరుసలో మొత్తము. ఖాతా సంఖ్యలను 16 అంకెలతో కల్పింపుడు. కొన్ని బ్యాంకులలో అట్టి సంఖ్యలు నిజముగా గలవు. కొన్నిటిని సున్నతో ప్రారంభింపుడు.

నేర్చుకొనువాడు ఎక్సెల్ వంటి పట్టికలో ఆ సంఖ్యలను కొట్టిన వెంటనే వింత జరుగును. మొదటనున్న సున్నలు మాయమగును. సున్నతో ప్రారంభము కాని సంఖ్యలలో పదునారవ అంకె ఏదైనను సున్నగా మారును. ఆ పట్టిక ఒక సంఖ్యలో 15 అంకెలను మాత్రమే జ్ఞాపకముంచుకొనుట దీనికి కారణము. ఇట్లు మారిన అంకెను పిదప ఏ మీట నొక్కినను తిరిగి తెప్పింపజాలము. పాసు పుస్తకము చూచి మరల కొట్టవలసినదే. ఆ గడులను ముందుగా ‘టెక్స్ట్’ అనగా అక్షరముల గడులుగా మార్చి పిదప కొట్టినచో సంఖ్య చెక్కుచెదరదు. ఈ మాటను నోటితో పదిమార్లు చెప్పినను మరచిపోవచ్చును. తన కన్నుల యెదుట అంకె మారుట చూచి, మూలపత్రముతో పోల్చి, తన చేతితో దిద్దినవాడు మరువడు.

తరువాత పేర్లను మాత్రము ఎంచుకొని అకారాది క్రమమున పేర్చుమనుడు. యంత్రము “ప్రక్క వరుసలను గూడ కలుపవలయునా?” అని ప్రశ్నించును. “వలదు” అని చెప్పనిండు. పేర్లు కదలును, ఖాతా సంఖ్యలు కదలవు. మొదటివాని సొమ్ము ఏడవవాని పేర, ఏడవవాని సొమ్ము రెండవవాని పేర నిలుచును. జాబితా చూచుటకు ఎంతో అందముగా నుండును, మొత్తము గూడ సరిపోవును, కాని పది కుటుంబముల సొమ్ము తారుమారైనది. ఇప్పుడు కంట్రోలు, జెడ్ నొక్కిన అంతయు పూర్వస్థితికి వచ్చును. సంతోషము. పిమ్మట అదే తప్పును మరల చేయించి, ఫైలును భద్రపరచి, మూసి, మరల తెరువుమనుడు. ఈసారి ఆ మీటలు పనిచేయవు. అప్పుడు ప్రతి పనికి ముందు మూలపు ప్రతి ఒకటి వేరుగా దాచవలయునను సత్యము అతనికి బోధపడును. ఆ ప్రతిని తెరచి జాబితాను తిరిగి నిలబెట్టినపుడు అతనికి కలుగు ధైర్యము ఏ ధ్రువపత్రమును ఇవ్వజాలదు.

ఒక మధ్యాహ్నపు పని యిది. ఖర్చు ఏమియు లేదు. కంప్యూటరు నిపుణులు గూడ తమ కొత్త పనులను నిజమైన రికార్డులకు దూరముగా పరీక్షించుకొను ఏర్పాటును ‘శాండ్‌బాక్స్’, అనగా ఇసుకపెట్టె యని పిలుచుచున్నారు. మన వీధిబడి ఇసుకకును దానికిని దూరము లేదు.

పంచాయతీలు చేయవలసిన పనులు

ఈ విషయములో పాలకవర్గము తీర్మానించుకొని చేయదగిన పనులు కొన్ని మనవి చేయుదును.

ఒకటి. అభ్యాసమునకు వేరు స్థలము కల్పింపుడు. కార్యాలయపు కంప్యూటరులోనే ‘అభ్యాసము’ అను పేరుతో ఒక ఫోల్డరు చాలును. అందులోని పేర్లు, సంఖ్యలు అన్నియు కల్పితములై యుండవలయును. గ్రామస్థుల నిజమైన ఆధార్ సంఖ్యలను, ఖాతాలను అభ్యాసమునకు వాడరాదు. అభ్యాసము ముగియనివానిని చెల్లింపుల పనికి ఒంటరిగా కూర్చుండబెట్టరాదు.

రెండు. దిద్దుబాటు నేర్చుకొనువాని చేతితోనే జరుగవలయును. నేర్పువాడు మౌసు లాగుకొనరాదు. తెరపై ఏమి వ్రాసియున్నదో పైకి చదివించి, “ఇప్పుడేమి చేసెదవు?” అని అడిగి, కొంతసేపు ఊరకుండుట నేర్పువానికి కఠినమైన పని, కాని అదియే అతని అసలు పని.

మూడు. తప్పుల పుస్తకము ఒకటి ఉంచుడు. తేది, చేయుచుండిన పని, తెరపై కనబడినది, దిద్దిన విధము, ఈ నాలుగు గడులు చాలును. పేరు గడి అక్కరలేదు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున మార్క్ టూ అను కంప్యూటరు చెడినపుడు, దాని లోపలి మీటల నడుమ చిక్కుకొనిన రెక్కలపురుగు ఒకటి కనబడినది. యంత్రదోషమును పురుగు అను అర్థము గల ‘బగ్’ అను మాటతో పిలుచుట అంతకు పూర్వమే అలవాటులో నుండెను. ఇక్కడ నిజమైన పురుగే దొరకినది. పని చేయువారు దానిని తమ దినచర్య పుస్తకమున అంటించి, దొరకిన వేళతో సహా వ్రాసియుంచిరి. ఆ పుస్తకము నేడు అమెరికా జాతీయ చరిత్ర ప్రదర్శనశాల వారి యొద్ద గలదు. దోషమును దాచక వ్రాసియుంచు అలవాటు ఆ విద్యతో పాటు పెరిగినదే. మీ కార్యాలయపు తప్పుల పుస్తకము రేపు వచ్చు కొత్తవానికి పాఠ్యగ్రంథము.

నాలుగు. చెల్లింపుల జాబితాను ఇద్దరు కలిసి సరిచూడవలయును. ఒకరు పాసు పుస్తకము నుండి అంకెలను పైకి చదువవలయును, మరియొకరు తెరపై చూడవలయును. బిల్లు తయారు చేయువారు, ఆమోదించువారు వేరుగా నుండవలయునని ప్రభుత్వము పెట్టిన నియమము ఎవరిపైనను అనుమానముతో పెట్టినది కాదు. మానవుని కన్ను పొరబడునని ఎరిగి పెట్టినది. ఇరువురి సాధనములును ఒకే చేతిలో నున్నచో ఆ నియమము పేరునకే మిగులును. మీ సంతకపు సాధనము మీయొద్దనే యుండవలయును, మీ చేతితోనే నడువవలయును. రహస్యపదము పలుమార్లు తప్పు కొట్టినచో ఆ సాధనమునకు తాళము పడును. అటువంటపుడు తొందరపడక ఆగి, సరిచూచుకొని కొట్టుటయు, లేక సాధనము ఇచ్చినవారిని సంప్రదించుటయు కర్తవ్యము.

ఐదు. తప్పునకును, దాచుటకును భేదము పాటింపుడు. తప్పు చేసిన వెంటనే వచ్చి చెప్పినవానిని మందలింపవలదు, దిద్దుబాటుకు తోడ్పడుడు. తప్పు ఎరిగియు దాచినవానిని, హెచ్చరించినను మూలప్రతి ఉంచనివానిని మందలింపవచ్చును. ఈ భేదము పాటింపక అందరిని ఒకే విధముగా గద్దించు కార్యాలయములో తప్పులు తగ్గవు, తప్పుల వార్తలు మాత్రము తగ్గును. నెల గడచిన పిదప పింఛను రాని వృద్ధుడు గుమ్మము ముందు నిలిచినపుడు గాని విషయము బయటపడదు. ఆనాటికి దిద్దుట పదిరెట్లు కష్టమగును.

ఒక ఆక్షేపణకు సమాధానము

“ప్రజల సొమ్ముతో వ్యవహరించు చోట తప్పులకు ఓర్పు చూపుట ఎట్లు ధర్మము?” అని ఒకరు అడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనది. ప్రజల సొమ్ము విషయమున ఓర్పు చూపుమని నేను చెప్పుట లేదు. ఓర్పు చూపవలసినది అభ్యాసపు జాబితాపై. అక్కడ ఎన్ని తప్పులు జరిగిన అంత మేలు. ఇక్కడ ఒక్కటియు జరుగరాదు. అభ్యాసమునకు చోటు లేని కార్యాలయములో నేర్చుకొనుట ఆగదు. అది నిజమైన రికార్డుపై, నిజమైన మనుష్యుల సొమ్ముపై జరుగును. తప్పులకు చోటు ఇచ్చుటయా, మానుటయా అను ఎంపిక మన చేతిలో లేదు. ఆ చోటు ఎక్కడ నుండవలయునో నిర్ణయించుట మాత్రము మన చేతిలో నున్నది.

“పెద్దవారము, ఇక మాకు ఈ విద్య అంటునా?” అను సభ్యులకు ఒక మాట. ఎద్దును అరకకు మరపినవారు మీరు. మొదటినాడు అది చాలు తప్పినపుడు అమ్మివేయలేదు. మళ్లించి మరల చాలులో పెట్టితిరి. మగ్గముపై పని చేయు సోదరులకు తెలియును, తెగిన పోగును కనుగొని అతుకుట నేర్వనివాడు నేతగాడు కానేరడు. ఆ ఓర్పును మీరు మీ యెడల గూడ చూపుకొనవలయును.

వచ్చు పంచాయతీ సమావేశపు చర్చనీయాంశములలో ఈ ఒక్క అంశమును చేర్పుడు: అభ్యాసపు ఫోల్డరు, తప్పుల పుస్తకము, సరిచూచుటకు ఇద్దరు మనుష్యులు. ఆ దినముననే, నేను చెప్పిన పది పేర్ల జాబితాను సభ్యులలో ఎవరైనను ఒకరు అందరి యెదుట చెడగొట్టి, మరల నిలబెట్టుడు. మిగిలినవారు నవ్వినను ఫరవాలేదు. రెండవ వంతు వారిదే.